పేరు అడగని సూది

ఆడవాళ్ళ ఆపరేషన్ వార్డు, మధ్యాహ్నం భోజనాల బండి అప్పుడే గుమ్మంలోకొచ్చింది. ఒకప్పుడు నర్సింగ్ స్కూల్లో పిల్లల్ని గడగడలాడించిన టీచరమ్మ ఇప్పుడు తనే గౌను తొడుక్కుని మంచమెక్కింది. ఆవిడ చేతికి సూది వేసి అటు వెళ్ళిన శిష్యురాలు, పావుగంటకే కర్టెన్ లాక్కుంటూ వెనక్కొచ్చి పడింది.

"టీచర్ గారూ, లేవకండి. కదలకండి. చెయ్యి ఒకసారి ఇలా ఇవ్వండి."

"ఇందాకేగా ఇచ్చాను? మళ్ళీ ఎందుకు?"

"ఇందాక నేను పొడిచిన చోటు... ఇదేనా? ఈ చెయ్యేనా?"

"అదే. ఏమిటే ఆ కంగారు? తొందరా, నిన్నే. ఏం జరిగింది?"

"ఏం లేదండీ. ఊరికే."

"ఊరికే ఎవరూ కర్టెన్ అలా లాగరు. రింగులు ఊడి కిందపడ్డాయి చూడు. స్కూల్లోనూ ఇంతే నువ్వు, అందుకే తొందర అని పేరు పెట్టాను. చెప్పు."

"మీకు షుగర్ జబ్బు లేదు కదా? ఎప్పుడూ లేదు కదా?"

"తీపి నా నోట్లోనూ లేదు, ఒంట్లోనూ లేదు. మీ బ్యాచ్‌ని అడిగితే చెబుతారు."

"పొద్దుట్నించీ ఏమీ తినలేదు కదా?"

"ఆపరేషన్ పెట్టుకుని తింటానా? మంచినీళ్ళు కూడా ముట్టలేదు. పళ్ళసెట్టు తీసి డబ్బాలో పెట్టారు, తిందామన్నా దిక్కు లేదు. అసలు సంగతి చెప్పవే!"

"ట్రేలో రెండు సిరంజిలున్నాయి. పెద్దది మీది, థియేటర్‌కి వెళ్ళే ముందు ఇచ్చేది. చిన్నది కిటికీ పక్కావిడది, అన్నానికి ముందు వేసే ఇన్సులిన్. ఇప్పుడు ఆవిడ దగ్గరికెళ్ళి చూస్తే..."

"చూస్తే?"

"ట్రేలో పెద్దదే మిగిలింది."

"అలాగా."

"అలాగా ఏమిటండీ! మీకు అర్థమైందా? ఆవిడ ఇన్సులిన్ మీకు వేసేశాను. పరగడుపున ఉన్న మనిషికి! దేవుడా, నా చేతులు విరిగిపోను—"

"మెల్లగా. గోడలకే చెవులుంటాయంటారు. ఇక్కడ గోడ కూడా లేదు, గుడ్డ. ఏడుపు ఆపు. తప్పు జరిగితే ఏం చెయ్యమన్నాను మీకు?"

"ముందు మనిషిని చూడమన్నారు. తర్వాత చెప్పమన్నారు. తర్వాత రాయమన్నారు."

"ఏడవడం ఎప్పుడు?"

"డ్యూటీ దిగాక."

"మరి దిగావా? వేలు పట్టుకో. షుగర్ చూడు."

"చూస్తున్నా. కొంచెం చురుక్కుమంటుంది."

"నాకు చెబుతున్నావా? ఊఁ. ఎంతుంది?"

"ఇప్పటికి బానే ఉంది. అది ఇంకా పని మొదలెట్టలేదు."

"మొదలెడుతుంది. అసలు నీకేం పోయేకాలం వచ్చిందే? సూది వేసే ముందు ఏం అడగాలి?"

"పేరు."

"మనమే పేరు చెప్పి 'అవునా' అని అడగడమా?"

"కాదండీ. వాళ్ళ నోటితో చెప్పించాలి. చెప్పించి, సిరంజి మీద చీటీతో సరిచూసుకోవాలి."

"నన్నెందుకు అడగలేదు?"

"మిమ్మల్నా? మీ ముందు నిలబడి 'మీ పేరేంటి' అని ఎలా అడుగుతానండీ? నాకు సూది పట్టుకోవడం నేర్పింది మీరు. తలుపు దగ్గరావిణ్ణి అడిగాను, మూలన ఉన్నావిణ్ణి అడిగాను. మీ మంచం దగ్గరకొచ్చేసరికి నోరు రాలేదు. మిమ్మల్ని పేరడిగితే చిన్నబుచ్చినట్టుంటుందని... అడిగుంటే చీటీ చూసేదాన్ని. అడగలేదు, చూడలేదు."

"మొహమాటం!"

"అవునండీ."

"మొహమాటానికి పోతే ఏదో అయిందని సామెతుంది. ఈ గౌనులో పడుకుని మొత్తం చెప్పలేను."

"డ్యూటీ డాక్టర్‌కి చెప్పేసి వస్తాను. ఒక్క పరుగున—"

"ఆగు."

"టీచర్ గారూ, ఇది ఆగే పని కాదు—"

"ఆగమన్నానా? నిలబడు. పోయిన నెల నీకు మెమో ఇచ్చారట కదా?"

"మీకెవరు చెప్పారు?"

"ఈ వార్డులో పడుకుని చెవులు మూసుకోవడం ఎవరి తరం? ఎందుకిచ్చారు?"

"సెలైన్ అయిపోయి రక్తం ట్యూబులోకి ఎక్కింది. ఆ రోజు వార్డంతటికీ నేనొక్కదాన్నే. ఎటని పరుగెత్తను?"

"ఇంకో మెమో వస్తే?"

"ఇంటికే. నాది కాంట్రాక్టు ఉద్యోగం. పర్మనెంట్ చేసేవాళ్ళ పేర్లు ఈ నెలాఖరుకే పంపుతారు. నా పేరు పైకి వెళ్తుందని మా ఇన్‌చార్జి అక్క చెప్పింది కూడా."

"ఇంట్లో సంపాదించేది?"

"ఎవరున్నారు? ఆయన పోయాక నేను, మా అమ్మ, పాప. అంతే."

"అయితే నోరు మూసుకుని చెప్పింది చెయ్. ఆ సెలైన్ బాటిల్ తీసెయ్. గ్లూకోజ్ బాటిల్ తగిలించు. స్టాండు మీద రెండూ ఒకలాగే కనిపిస్తాయి. లేబుల్ గోడవైపు తిప్పు. నా షుగర్ పడదు, నీ ఉద్యోగం పోదు."

"మీరేనా ఈ మాట అంటున్నది?"

"నేనే. నా గొంతు పోల్చుకోలేకపోతున్నావా?"

"లేబుల్ ఎప్పుడూ మనిషికి కనపడేలా ఉండాలని మా చేత వందసార్లు రాయించారు మీరు!"

"అది క్లాసు, ఇది బతుకు. జీతం తీసుకుంటూ చెప్పిన మాటలన్నీ పెన్షన్‌లో పట్టుకోకు."

"గ్లూకోజ్ పెడతాను. అది దాచక్కర్లేదు, ఇప్పుడే తెచ్చి పెడతాను. కానీ చెప్పకుండా ఎలాగండీ? కాసేపట్లో థియేటర్‌కి తీసుకెళ్తారు. మెలకువగా ఉంటే చెమట పడుతుంది, వణుకొస్తుంది, కళ్ళు తిరుగుతున్నాయని మీరే అంటారు. మత్తిచ్చాక మీరేం చెబుతారు?"

"గ్లూకోజ్ ఎక్కుతూనే ఉంటుందిగా."

"ఎంత ఎక్కాలో మత్తు డాక్టర్‌కి తెలియొద్దా? ఇన్సులిన్ పడిందని తెలియకపోతే ఆయన షుగర్ ఎందుకు చూస్తాడు?"

"పోనీ కడుపునొప్పంటాను, దడంటాను, నాకీ ఆపరేషనే వద్దంటాను. నేను వద్దంటే నన్ను ఎవరు కోస్తారు?"

"ఆ కడుపులో రాళ్ళ నొప్పితో రాత్రుళ్ళు నిద్ర లేదన్నారు. ఈ తారీఖు కోసం ఎన్నాళ్ళు తిరిగారు! నా కోసం అబద్ధమాడి అది వదులుకుంటారా?"

"నీ కోసమని ఎవరన్నారు?"

"మరెవరి కోసం?"

"ముందు బాటిల్ మార్చవే."

"మీకు చెమటలు పడుతున్నాయి."

"ఫ్యాను లేదుగా."

"ఫ్యాను తిరుగుతోందండీ."

"అయితే ఎండ. ష్, మీ ఇన్‌చార్జి వస్తున్నట్టుంది."

"ఏంటే, కర్టెన్ వేసుకుని గురుశిష్యుల మంతనాలు? థియేటర్ వాళ్ళు ఫోన్ చేసి ప్రాణాలు తోడేస్తున్నారు, టీచర్ గారికి ఇంజెక్షన్ అయిందా అని."

"అక్కా..."

"అక్కా ఏంటి? ఇన్‌చార్జిని అడుగుతున్నాను. అయిందా లేదా?"

"అయింది. వేరేది అయింది."

"వేరేదంటే?"

"కిటికీ పక్కావిడ ఇన్సులిన్."

"ఓసి నీ దుంప తెగ!"

"గొంతు తగ్గించవే. ఇన్‌చార్జివయ్యావు గానీ ఆ గావుకేకలు మానలేదు నువ్వు."

"మీరూరుకోండి టీచర్ గారూ. ఏమే, షుగర్ చూశావా?"

"ఇందాక బానే ఉంది. ఇదిగో, మళ్ళీ చూస్తున్నా... అక్కా, పడింది. బాగా పడింది."

"చూస్తూ నిలబడ్డావేం? గ్లూకోజ్ పట్రా! పరుగెత్తు! టీచర్ గారూ, నన్ను చూడండి. ఇటు. నేనెవర్ని?"

"నువ్వా? పేషెంటుకి పెట్టిన థర్మామీటర్ బద్దలుకొట్టి పిల్లి మీదకి నెట్టినదానివి."

"అయ్యో రామ, అది ఇంకా మర్చిపోలేదా మీరు?"

"హాస్పిటల్లో పిల్లెక్కడిదే?"

"తెచ్చాను అక్కా. తగిలించాను. ఎక్కుతోంది."

"ఇంకొంచెం తిప్పు. ఆఁ, అలా వదులు. ఇప్పుడు ఇద్దరూ వినండి. పెద్ద వయసు, పస్తున్న మనిషి. షుగర్ పడిపోయింది. మనం కనిపెట్టాం, గ్లూకోజ్ పెట్టాం, డాక్టర్‌ని పిలిచాం. ఆపరేషన్ వాయిదా వేస్తారు. టీచర్ గారు క్షేమం, నువ్వు క్షేమం, నా వార్డు క్షేమం. ఇందులో అబద్ధం ఎక్కడుందో చెప్పు."

"ఎందుకు పడిందో, అక్కడుంది అక్కా."

"అది ఎవరడిగారు?"

"అడుగుతారు. షుగర్ జబ్బే లేని మనిషికి ఇంతలా ఎందుకు పడిందని రేపట్నించి వెతుకుతారు. రక్తం తీస్తారు, స్కానింగ్ అంటారు. లేని జబ్బు కోసం ఈవిణ్ణి ఈ మంచానికే కట్టేస్తారు."

"నాలుగు పరీక్షలు చేస్తే ఏం కొంపలంటుకుపోతాయి?"

"ఈ బాటిల్ అయిపోయాక? ఇన్సులిన్ ఒంట్లోనే ఉంటుంది కదా. పస్తు వల్లేనని నమ్మి, తగ్గిందిలే అని గ్లూకోజ్ ఆపేస్తారు. అప్పుడు మళ్ళీ పడితే?"

"మనం చూస్తూ ఉంటాం."

"ఎవరు చూస్తారక్కా? నా డ్యూటీ అయిపోయాక వచ్చే అమ్మాయికి ఏమని చెప్పి వెళ్ళను? 'ఈవిణ్ణి మాటిమాటికీ చూడు, ఎందుకో అడక్కు' అనా?"

"ఇదిగో, నీతులు నాకు చెప్పకు. రేపు నీ పిల్ల ఆకలంటే గిన్నెలో నీతి పెడతావా? నీ పేరు పైకి పంపించడానికి నేను ఎంతమంది గడ్డం పట్టుకున్నానో తెలుసా? ఈ ముక్క బయటికెళ్తే నా మాటకి విలువుండదు, నీకు ఉద్యోగముండదు. టీచర్ గారూ, మీరైనా చెప్పండి దీనికి."

"చెప్పాను. వినట్లేదు."

"విన్నావా? అంత పెద్దావిడ చెప్పినా... మీరేం చెప్పారు?"

"దాచెయ్యమని."

"మీరా!"

"అంత ఆశ్చర్యం దేనికి? ఇప్పటిదాకా నువ్వు చెప్పిందీ అదేగా."

"నేను చెబితే వేరు! మీరు... మీరు కూడా అలా అంటే ఇంక మేం ఎవరి మాట పట్టుకుని ఉండాలండీ?"

"నాకు గొంతు ఎండుతోంది. ఆ... ఆ ముల్లు ఇలా ఇవ్వు."

"ముల్లా? ఏ ముల్లు టీచర్ గారూ?"

"అదే, గుండ్రంగా... చేతికి... ముల్లు తిరుగుతుంది చూడు. నాడి చూడాలిగా. క్లాసుకి టైమైంది."

"వాచీ. వాచీ అడుగుతున్నారు. అక్కా, మాట తడబడుతోంది."

"గ్లూకోజ్ వేగంగా వదులు! ఇంకా, ఇంకా!"

"పిల్లలు వచ్చారా? వరసగా నిలబడమను."

"వచ్చాం టీచర్ గారూ. నిలబడ్డాం. కళ్ళు మూసుకోకండి, నన్నే చూస్తూ ఉండండి. అక్కా, ఇంక నా వల్ల కాదు. నేను ఫోన్ చేస్తున్నాను."

"చెయ్, కానీ ఏం చెబుతావో ఆలోచించుకుని—"

"హలో, డ్యూటీ డాక్టర్ గారా? ఆడవాళ్ళ ఆపరేషన్ వార్డు నుంచండీ. ఇవాళ థియేటర్‌కి రావాల్సిన పెద్దావిడకి పొరపాటున ఇన్సులిన్ వేశాను సార్. పక్క మంచం ఆవిడది. పేరు అడక్కుండా వేశాను. షుగర్ పడిపోయింది, గ్లూకోజ్ ఎక్కుతోంది, మాట తడబడుతోంది. మీరు ఇప్పుడే రావాలి సార్. మత్తు డాక్టర్‌కి కూడా చెప్పండి... లేదు సార్, వేరే ఎవరూ కాదు. నేనే సార్."

"ఆ ఫోన్ ఇలా తే."

"వద్దక్కా, నీకు దండం పెడతాను—"

"తెమ్మన్నానా! హలో సార్, ఇన్‌చార్జిని. ఆ పిల్ల చెప్పిందంతా నిజమే సార్. త్వరగా రండి... లేదు సార్, అప్పుడు నేను వార్డులో లేను సార్. స్టోర్స్‌లో ఉన్నాను. అది కూడా గుర్తుపెట్టుకోండి సార్."

డాక్టరు పరుగున వచ్చి చేయవలసింది చేశాడు, తిట్టవలసినవన్నీ తిట్టాడు, వెళ్ళాడు. రెండో బాటిల్ సగానికి వచ్చేసరికి టీచరమ్మకి మాట తేటపడింది. మంచం పక్కన స్టూలు మీద శిష్యురాలొక్కతే మిగిలింది.

"ఇప్పుడెంతుంది?"

"బాగుందండీ. పొద్దుపోయేదాకా మాటిమాటికీ చూడమన్నారు. ఇన్సులిన్ అని అందరికీ తెలుసు కాబట్టి ఎవరొచ్చినా చూస్తారు."

"నేనేమైనా పిచ్చి మాటలన్నానా?"

"మమ్మల్ని వరసగా నిలబెట్టారు."

"అది పిచ్చి కాదు, అలవాటు. ఆపరేషన్?"

"వచ్చే వారానికి మార్చారు."

"నీ సంగతి?"

"డ్యూటీ దిగగానే సూపరింటెండెంట్ గదికి రమ్మన్నారు. నెలాఖరు సంగతి మర్చిపొమ్మంది అక్క. ఇదైనా ఉంటే అదృష్టమంది."

"ఆ ఇన్‌చార్జి నిజంగా స్టోర్స్‌లోనే ఉందా?"

"లేదండీ. అన్నం తింటోంది."

"చేతులు కడుక్కోవడం దానికి నేర్పింది నేనే. బాగా వంటబట్టింది."

"పోనీండి పాపం. కిటికీ పక్కావిడకి సూది తనే వేసింది, నన్ను ట్రే ముట్టుకోవద్దన్నారు కదా. వెళ్తూ వెళ్తూ నా భుజం మీద చెయ్యి కూడా వేసింది."

"భయంగా ఉందా?"

"ఉంది. ఇంటికెళ్ళి మా అమ్మకి ఏం చెప్పాలో తెలీట్లేదు. కానీ ఫోన్ పెట్టేశాక ఆ కంగారు పోయింది టీచర్ గారూ. అదేంటో మరి."

"నీతో పాటు నేనూ వస్తాను, సూపరింటెండెంట్ దగ్గరికి."

"ఈ బాటిల్ మోసుకునా?"

"రాలేకపోతే ఆవిణ్ణే ఇక్కడికి రమ్మను. తప్పు నీ ఒక్కదానిదే కాదని చెప్పాలి."

"నాది కాక ఇంకెవరిది?"

"ఆ బాటిల్ చూడు, గబగబా పోతున్నట్టుంది."

"సరిగ్గానే పోతోందండీ. ఇంకెవరిది?"

"దుప్పటి కాస్త పైకి లాగు."

"లాగాను. టీచర్ గారూ, మీరు మాట దాటేస్తున్నారు. నేనొకటి అడగనా?"

"వద్దంటే మానేస్తావా?"

"అది చిన్న సిరంజి. నారింజ రంగు మూత. మీ జీవితంలో అలాంటివి ఎన్ని వేసుంటారో మీకే తెలీదు. నేను వచ్చినప్పుడు మీరు నిద్రలో లేరు. గౌను చెయ్యి మీరే పైకి లాక్కున్నారు. సూది నా చేతిలోనే ఉంది, మీ కళ్ళ ముందే ఉంది."

"కళ్ళజోడు లేదు."

"ఆ రంగు కనపడటానికి కళ్ళజోడెందుకండీ?"

"అడక్కే."

"చూశారా?"

"చూశాను."

"చూసి?"

"నాది కాదని తెలిసింది. నోటిదాకా వచ్చింది."

"వస్తే అడగరా? 'ఇదేంటే' అని ఒక్క మాట! అందుకా దాచెయ్యమన్నారు? నా కోసం కాదన్నది ఇందుకా?"

"సిగ్గేసింది. నేర్పినదాన్ని, చూస్తూ చూస్తూ చెయ్యి చాపానని నలుగురికీ ఎలా తెలియనిస్తాను?"

"అయినా ఎందుకు అడగలేదు? నాకు అది చెప్పండి. ఎందుకు?"

"నిన్న కిటికీ పక్కావిడ 'మాత్ర రంగు మారిందేం తల్లీ' అంటే నువ్వేమన్నావు?"

"నేనా? గుర్తులేదండీ."

"నాకుంది. 'నర్సువి నువ్వా నేనా, మింగు' అన్నావు. ఆవిడ మింగింది. ఆ తర్వాత మంచినీళ్ళు కావాల్సొచ్చినా నిన్ను పిలవలేదు, నన్ను లేపింది."

"రద్దీలో ఏదో నోరు జారుంటుంది... కానీ మీరు వేరు కదా! మీరు టీచర్ గారు! మీ చెప్పుల చప్పుడు వినిపిస్తే మా బ్యాచ్ మొత్తం గోడకి అతుక్కుపోయేది. మీరు 'ఏయ్' అంటే చాలు, ట్రే అక్కడే వదిలేసేదాన్ని!"

"చెప్పులు మంచం కిందున్నాయి. నేను మంచం మీదున్నాను. నువ్వు సూది పట్టుకుని పైన నిలబడ్డావు. నువ్వంటే భయమేసిందే, తల్లీ."